ఎర్ర ప్లేట్లు వేసినా త్రీ-ఫోర్ క్లచ్ ఎందుకు కాలింది?

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే డాలస్ నలుమూలల నుంచి ఈ గరాజ్‌కి ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. బల్ల మీద ఆటోమేటిక్ గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్లు కొన్ని పెట్టాను. నేను మాట్లాడుతున్నంతసేపూ అవి చేతులు మారుతూ ఉండనివ్వండి. ముందు ఆ చివర నల్లగా మాడిపోయిన దాన్ని తీసుకుని వాసన చూడండి. ఇన్నేళ్లయినా ఇంకా కొడుతుంది.

అది మా స్నేహితుడి 2002 షెవర్లే కమారో గేర్‌బాక్స్‌లోది, 4ఎల్60ఈ అనే జీఎం ఫోర్-స్పీడ్ ఆటోమేటిక్. పవర్ పెంచడానికి ఇంజన్‌కి కొంచెం పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేయించాడు, గేర్‌బాక్స్ నన్ను కట్టమన్నాడు. నేను మొదటిసారి పూర్తిగా కట్టిన ఆటోమేటిక్ అదే. కేటలాగ్‌లో మూడు, నాలుగు గేర్లని పట్టే త్రీ-ఫోర్ క్లచ్‌కి అన్నిటికన్నా ఖరీదైన ఎర్ర ప్లేట్లు ఏవో చూసి అవే తెప్పించాను. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి "అన్నా, సెకండ్ నుంచి థర్డ్‌కి పడేటప్పుడు ఇంజన్ స్పీడు పైకి లేచిపోతోంది, గేరు అందుకోవడం లేదు" అన్నాడు. కిందున్న ఆయిల్ పాన్ విప్పితే ఆయిల్ కాఫీ డికాక్షన్‌లా ఉంది, అడుగున నల్లటి బురద. లోపల మిగతా క్లచ్‌లన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. త్రీ-ఫోర్ ఒక్కటే బొగ్గయింది.

అప్పట్లో నా బుర్రలో ఉన్నది విజయవాడ ఆటోనగర్ క్లచ్. లారీ క్లచ్ ప్లేటు, రివెట్లు కొట్టిన లైనింగ్, అరిగితే మార్చడం, ఇంకా గట్టి లైనింగ్ దొరికితే అది వేయడం. అది పొడి క్లచ్. ఆటోమేటిక్‌లో లైనింగ్ ఉన్న ఫ్రిక్షన్ ప్లేటు, వట్టి స్టీలు ప్లేటు ఒకదాని తర్వాత ఒకటి డ్రమ్ములో పేర్చి ఉంటాయి, ఆయిల్ ప్రెషర్‌తో పిస్టన్ వాటిని నొక్కుతుంది. అవి ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి, అక్కడి లెక్కే వేరు. ఆ తేడా అర్థం కాకుండా మెటీరియల్ ఎంచుకుంటే నాలాగే డబ్బు తగలేసుకుంటారు.

సరే, షిఫ్ట్‌లో ఏం జరుగుతుందో చూద్దాం. ఈ బాక్స్‌లో సెకండ్ రేషియో 1.63, థర్డ్ 1.00. మీరు 6000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో షిఫ్ట్ చేశారనుకోండి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనుండే టార్క్ కన్వర్టర్ జారుడు పక్కన పెడితే ఇంజన్ దాదాపు 3680కి దిగాలి. ఆ 2300 తేడాని క్లచ్ జారుతూ తినాలి, తిన్నదంతా వేడి అవుతుంది. పైగా జారినంతసేపూ ఇంజన్ ఇంకా టార్క్ పోస్తూనే ఉంటుంది. కాబట్టి జారే సమయం రెట్టింపైతే ప్లేటు మీద పడే వేడి కూడా బాగా పెరుగుతుంది. జారుడు ఎంతసేపు అన్నది ముఖ్యంగా పిస్టన్ వెనక ఉన్న ప్రెషర్ చేతిలో ఉంది. మెటీరియల్ చేతిలో ఉన్నది కొంతే.

కమారోలో జరిగింది అదే. 4ఎల్60ఈలో త్రీ-ఫోర్ క్లచ్‌కి వెళ్లే ఆయిలే రెండు, నాలుగు గేర్లలో డ్రమ్ము చుట్టూ బిగిసే పట్టీ, అంటే టూ-ఫోర్ బ్యాండ్‌ని వదిలించడానికి, దాన్ని కదిలించే సర్వో వైపూ వెళ్తుంది. ఆ దారిలో కేస్‌లో ఒక చిన్న చెక్‌బాల్ క్యాప్సూల్ ఉంటుంది, చిటికెన వేలు గోరంత కూడా ఉండదు. అది అరిగి కారితే క్లచ్‌కి అందాల్సిన ప్రెషర్ కారిపోతుంది. నేను అది చూడనేలేదు. రెండోసారి కట్టేటప్పుడు ఆ రంధ్రంలో సాల్వెంట్ పోసి చూస్తే నిలవకుండా దిగిపోయింది. క్యాప్సూల్ మార్చాను, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలింగ్ రింగులు, పిస్టన్ సీళ్లు మార్చాను, ప్రెషర్ పెంచే బూస్ట్ వాల్వ్ చూశాను, తర్వాత మామూలు కంపెనీ రకం లేత గోధుమరంగు ప్లేట్లే వేశాను. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. అందుకే మెటీరియల్ గురించి ఎవరడిగినా నేను ముందు అడిగేది, ఆ క్లచ్ సర్క్యూట్ కారడం లేదని తేల్చుకున్నావా అని.

ఇప్పుడు మెటీరియల్‌కి వద్దాం. ఆ గోధుమరంగు ప్లేటు మీద ఉన్నది నిజంగానే కాగితం. సెల్యులోజ్ పీచు, ఫిల్లర్లు కలిపి కాగితంలా తయారుచేసి, రెజిన్‌లో నానబెట్టి, స్టీలు మీద అంటిస్తారు. గోరుతో నొక్కండి, కొంచెం మెత్తగా తగులుతుంది కదా? ఆ మెత్తదనమే దాని బలం. కాగితంలో సూక్ష్మరంధ్రాలు ఉంటాయి, ప్లేట్లు దగ్గరికొచ్చేటప్పుడు మధ్యలోని ఆయిల్ వాటిలోకి వెళ్లిపోయి పట్టు త్వరగా, మృదువుగా దొరుకుతుంది, చల్లదనమూ వస్తుంది. వేడి మితిమీరితే రంధ్రాలు మూసుకుపోయి అద్దంలా మెరుస్తుంది. దాన్నే గ్లేజ్ అంటాం. గ్లేజ్ అయిన ప్లేటు ఇంకా జారుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఆ చక్రం ఆగదు. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి, అప్పుడప్పుడూ డ్రాగ్ రేసు స్ట్రిప్‌కి తీసుకెళ్లే బండికి మంచి కాగితం ప్లేటే చాలు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఎరుపు, నీలం అని అమ్మే హై ఎనర్జీ ప్లేట్లలో మిశ్రమం వేరుగా ఉంటుంది, ఎక్కువ వేడికి తట్టుకుంటాయి. రంగు మాత్రం కంపెనీ గుర్తు. ఒక కంపెనీ ఎరుపూ ఇంకో కంపెనీ ఎరుపూ ఒకటి కావు. ఇవి ఎక్కువ ప్రెషర్‌తో, చిన్న షిఫ్ట్‌తో వాడితేనే వాటి విలువ తెలుస్తుంది. ప్రెషర్ పెంచకుండా వేస్తే ఆ ఖర్చంతా వృథా.

కెవ్లార్ అనే గట్టి పీచు లైనింగ్ గురించి అందరూ అడుగుతారు. బ్యాండ్‌కి నేను ఇష్టంగా వాడతాను. క్లచ్‌లో మాత్రం జాగ్రత్త. లైనింగ్ మాడదు, నిజమే. కానీ వేడి ఎటో ఒకవైపు వెళ్లాలిగా? అదంతా పక్కనున్న స్టీల్ ప్లేటు మీద పడుతుంది, స్టీలు వంగిపోతుంది, నీలం మచ్చలు వస్తాయి.

అసలు స్టీలు సంగతి ఎవరూ పట్టించుకోరు. వేడిని దాచుకునేది స్టీలే, లైనింగ్ కాదు. పాత స్టీళ్లు కడిగి మళ్లీ వేయడం నేను మానేసి చాలాకాలమైంది. నీలం మచ్చ కనిపించినా, సమతలమైన రాయి మీద పెట్టి అంచు నొక్కితే ఊగినా చెత్తబుట్టకే.

ఇక్కడే పెద్ద తకరారు ఒకటి ఉంది. ప్లేట్లు ఎక్కువైతే పట్టే ఉపరితలాలు పెరిగి టార్క్ ఎక్కువ మోస్తుంది, అందుకని డ్రమ్ములో ఇంకో రెండు ఫ్రిక్షన్లు ఇరికించాలని అందరికీ ఆశ. డ్రమ్ము లోతు మారదు కాబట్టి స్టీళ్లు పల్చనవుతాయి. పల్చని స్టీలు వేడిని ఎక్కువ దాచుకోలేదు. ఒక్కసారి గట్టిగా లాగి ఆపే డ్రాగ్ బండికి ఎక్కువ ప్లేట్లు సరిపోవచ్చు, ట్రైలర్ లాగే పికప్‌కి మందపాటి స్టీళ్లే మేలు. రేబెస్టోస్ కంపెనీ జెడ్-పాక్ ప్లేట్ల సెట్‌లో ప్రతి ప్లేటుకీ ఒక్కవైపే లైనింగ్ ఉంటుంది, రెండోవైపు వట్టి స్టీలు. అంటే వేడి సగం ప్లేట్ల మీదే కాకుండా అన్ని ప్లేట్లకీ పంచుకుంటుంది. చేత్తో పట్టుకుంటే అర్థమవుతుంది, ఆ మూడో ప్లేటు అదే. ఒకటే షరతు, పేర్చేటప్పుడు లైనింగులన్నీ ఒకే వైపు చూడాలి. ఒక్కటి తిరగబడినా లైనింగ్‌కి లైనింగ్ తగిలి మొత్తం పాడవుతుంది.

క్లియరెన్స్ త్వరగా చెప్పేస్తాను. పేర్చాక స్నాప్ రింగు పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. త్రీ-ఫోర్‌కి నేను 30 నుంచి 45 థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మధ్య ఉంచుతాను. మరీ బిగువైతే వదిలినా రాసుకుంటూ వేడెక్కుతుంది, వదులైతే పిస్టన్ దూరం ప్రయాణించాలి, షిఫ్ట్ ఆలస్యం. గేజ్ ఒక్కచోటే కాదు, చుట్టూ నాలుగు చోట్ల పెట్టి చూడండి. ఆ తర్వాత ఆ క్లచ్ ఫీడ్ రంధ్రంలోకి గాలి కొట్టి 'టక్'మన్న చప్పుడు వినండి. ఆ చప్పుడు మెత్తగా, బుస్సుమని వస్తే సీలు కారుతున్నట్టే, మళ్లీ విప్పండి. బద్ధకించకండి.

ఆయిల్ గురించి ఒక్క మాట. ఫ్రిక్షన్ మాడిఫయర్లు (పట్టుని మెత్తబరిచే రసాయనాలు) లేని టైప్ ఎఫ్ ఆయిల్ పోస్తే షిఫ్ట్ గట్టిగా పడుతుందని పాత రేసర్లు చెబుతారు, నిజమే, లాకప్ (కన్వర్టర్ జారకుండా పట్టేసే క్లచ్) లేని త్రీ-స్పీడ్ బాక్సుల్లో వాడిన చరిత్ర ఉంది. కానీ 4ఎల్60ఈ కన్వర్టర్ క్లచ్ మెత్తగా పట్టుకోవాలి, అక్కడ టైప్ ఎఫ్ పోస్తే బండి వణుకుతుంది. జీఎం డెక్స్రాన్ ఆయిల్ స్పెక్‌లోనే ఉండండి. కన్వర్టర్ క్లచ్ లైనింగ్ ఏ రకమో అమ్మేవాడిని తప్పకుండా అడగండి. తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లలో కంప్యూటర్ లాకప్‌ని మెల్లగా జారనిస్తూ పట్టిస్తుంది, అలా జారడానికి మామూలు కాగితం తట్టుకోదు, కార్బన్ లైనింగ్ కావాలి.

ఇక చివరి బల్ల మీద ఉన్న ట్రేలో ప్లేట్లు నిన్న రాత్రి నుంచి నానుతున్నాయి. కనీసం అరగంట నానాలి, నేను రాత్రంతా ఉంచుతాను. పొడి కాగితాన్ని అలాగే డ్రమ్ములో పెట్టి బండి స్టార్ట్ చేస్తే మొదటి షిఫ్ట్‌లోనే మాడుతుంది. రండి, ఒక్కొక్కరు ఒక్కో ప్లేటు తీసుకోండి, చేతులు మాత్రం తుడుచుకుని రండి, ఈ డ్రమ్మును మీ చేతే పేర్పిస్తాను.