పెరటి షెడ్డుకు కొత్త కళ: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పెరట్లోని సామాన్ల షెడ్డును చూడముచ్చటగా తీర్చిదిద్దుకోవడంపై మీ సందేహాలకు ఇళ్ల మరమ్మతుల నిపుణులు ఈ రోజు సమాధానాలిస్తారు. మొదటి శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా పెరట్లో పాత రేకుల షెడ్డు ఉంది. అడుగు భాగమంతా తుప్పు పట్టింది. వంటగది కిటికీ తెరిస్తే ముందుగా అదే కంటపడుతుంది. పూలతీగ పాకించి మొత్తం కప్పేద్దామనుకుంటున్నాను. ఏ తీగ తొందరగా అల్లుకుంటుందండీ?

నిపుణుడు: తీగ సంగతి చెబుతానమ్మా, కానీ తుప్పు మీద తీగ పాకిస్తే తుప్పు కనబడకుండా పోతుందే తప్ప ఆగదు. ఆకుల వెనుక గాలి ఆడక, తడి ఆరక, ఎప్పుడో తీగ తప్పించి చూసేసరికి రేకుకు చిల్లులు పడి ఉంటాయి. అసలు తుప్పు అడుగునే ఎందుకు పట్టిందో గమనించారా?

శ్రోత: నేల చెమ్మ వల్ల అనుకున్నానండీ.

నిపుణుడు: చెమ్మ కొంత కారణమే. కానీ చూరు నుంచి జారే ధార మట్టి మీద పడి, బురదతో సహా ఎగిరి రేకును తడుపుతూ ఉంటుంది. ఈసారి వాన వెలిశాక దగ్గరికి వెళ్లి చూడండి, కింది భాగమంతా మట్టి చుక్కలు కనిపిస్తాయి. చూరు నీళ్లు పడేచోట షెడ్డు చుట్టూ అడుగు వెడల్పున మట్టి తీసి కంకర పోయిస్తే ఆ చిందడం బాగా తగ్గుతుంది. పైగా కలుపు మొక్కల్లోంచి మొలిచినట్టున్న కట్టడానికి ఒక అంచు ఏర్పడుతుంది. నన్నడిగితే షెడ్డు అందంలో సగం ఆ కంకర పట్టీలోనే ఉంది.

శ్రోత: మరి రంగు నేరుగా వేయవచ్చాండీ?

నిపుణుడు: చాలామంది పొరపడేది అక్కడే. వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచిన వెంటనే రంగు కింద తొలి పూతగా ప్రైమర్ వేయాలి. తుప్పు పట్టకుండా రేకు మీద వేసిన జింకు పూత ఇంకా మిగిలి ఉన్నచోట మామూలు ఎనామిల్ రంగు నేరుగా వేస్తే, అందులోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొర కడుతుంది, దాంతో రంగు పెచ్చులుగా లేస్తుంది. అందుకే జింకు రేకులకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ప్రైమర్‌నే ఎంచుకోండి. రేకు ఎండకు కాలిపోతున్న వేళ మాత్రం బ్రష్షు ముట్టవద్దు.

శ్రోత: తెల్లరంగు వేయాలని ఉందండీ.

నిపుణుడు: తెలుపును పైకప్పుకు వేయండి, లోపల వేడి తగ్గుతుంది. గోడలకు బూడిద కలిసిన ఆకుపచ్చ వేస్తే షెడ్డు మొక్కల్లోకి ఒదిగిపోతుంది. తలుపుకు మాత్రం పసుపో, ఇటుక ఎరుపో, మీకు ముద్దొచ్చే రంగు వేయండి. చూపు తలుపు మీద నిలిస్తే గోడల సొట్టలను ఎవరూ పట్టించుకోరు. ఇక తీగ అంటారా, తేలికైన శంఖపుష్పం చాలు. దానికి నేలలో పాతిన గుంజల మీద, రేకుకు నాలుగు అంగుళాల ఎడంగా వల కట్టండి. రాధామనోహరం గుబురుగా, బరువుగా పెరుగుతుంది కాబట్టి దానికి వేరే పందిరి కావాలి.

వ్యాఖ్యాత: మరో శ్రోత వేచి ఉన్నారు. అడగండి సార్.

రెండవ శ్రోత: తోట పెద్దదిగా కనిపించేలా షెడ్డు గోడకు నిలువుటద్దం బిగిస్తే ఎలా ఉంటుందండీ?

నిపుణుడు: చూడటానికి బాగానే ఉంటుంది, కానీ పక్షులు అందులో కనిపించే చెట్లను నిజమనుకుని వచ్చి గుద్దుకుంటాయి, కాబట్టి నేను వద్దనే అంటాను. మీ షెడ్డు పక్కన ఏమైనా సామాను పడి ఉందా?

రెండవ శ్రోత: రెండు పగిలిన బక్కెట్లు, ఒక కాలు విరిగిన కుర్చీ ఉన్నాయండీ.

నిపుణుడు: అయితే ముందు వాటిని తీసేసి, అద్దం కావాలో వద్దో ఆ తర్వాత ఆలోచించండి.