ట్యాంకులోపలి ఫిల్టరు: పంపుకు ముందు ఎంత, పంపు తర్వాత ఎంత

(అనంతపురంలో ద్విచక్ర వాహన మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న మెకానిక్ సోదరులకు, ఆటోమొబైల్ డిప్లొమా చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

ఇంజెక్షన్ బండి పెట్రోలు ట్యాంకులోపల మనమే ఫిల్టరు అమర్చవలసి వస్తే దాన్ని దేనితో, ఎలా అమర్చాలన్నది ఈరోజు నాకు అప్పగించిన విషయం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక కొత్త బళ్లలో దాదాపు అన్నింటికీ కార్బురేటర్ పోయి, పెట్రోలును ఒత్తిడితో ఇంజనులోకి చిమ్మే ఇంజెక్టర్ వచ్చింది. వాటిలో చాలా మోడళ్లకు ఫిల్టరు, పంపు, పెట్రోలు ఒత్తిడిని నిలకడగా ఉంచే ప్రెషర్ రెగ్యులేటరు కలిసి ఒకే అసెంబ్లీగా ట్యాంకు అడుగున ఉంటాయి. ఫిల్టరు ఒక్కటే మూసుకుపోయినా అది విడిగా దొరకదు కనుక అసెంబ్లీ మొత్తం మార్చమంటారు. మోటారు చక్కగా తిరుగుతున్నప్పుడు కేవలం మడ్డి పట్టిన ఫిల్టరు కోసం వేల రూపాయలు పెట్టలేని మనిషి మన షెడ్డుకే వస్తాడు. అతనికి మనం చేసి ఇచ్చే అమరిక కొత్త అసెంబ్లీ ఇచ్చేంత నమ్మకాన్ని ఇవ్వాలి. అది సాధ్యమే అని నేను నమ్ముతున్నాను. అందుకే ఇక్కడ మాట్లాడుతున్నాను.

ఎంత సన్నగా వడగడితే ఇంజనుకు అంత మేలు అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. ట్యాంకులోపల ఆ అభిప్రాయమే పంపుల ప్రాణం తీస్తోంది. ఈ పంపు నెట్టడంలో గట్టిదే కాని పీల్చడంలో బలహీనమైనది. నోటి ముందు తడిగుడ్డ అడ్డుపెట్టుకుని గొట్టంతో కొబ్బరినీళ్లు పీల్చమంటే మనిషి ఎంత అవస్థ పడతాడో, పీల్చే వైపు మరీ సన్నని ఫిల్టరు పెడితే పంపు అంత అవస్థ పడుతుంది. పైగా పెట్రోలులోని తేలికపాటి భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకు ఆ వేడిని సులభంగా దాటుతుంది. అప్పటికే వేడెక్కిన పెట్రోలును పంపు ఇరుకైన జాలీలోంచి గుంజుకున్నప్పుడు అక్కడ ఒత్తిడి ఇంకా పడిపోయి బుడగలు పుడతాయి. పంపు మోటారును చల్లబరిచేదీ, దానికి కందెనగా పనిచేసేదీ ఆ పెట్రోలే. బుడగలు నిండిన పంపు ఒత్తిడిని ఇవ్వలేదు, తాను చల్లబడనూ లేదు. మధ్యాహ్నం తాడిపత్రికి బయల్దేరితే సగం దారిలో బండి లాగడం లేదని, కాసేపు చెట్టు నీడలో ఆపితే మళ్లీ మామూలుగా నడుస్తోందని ఎవరైనా చెబితే, ఇంజెక్టర్‌ను అనుమానించే ముందు పీల్చే వైపు జాలీని చూడండి. ట్యాంకు మూతలో గాలి వెళ్లే రంధ్రాన్ని కూడా చూడండి. అది మూసుకుపోయినా ట్యాంకులో శూన్యం ఏర్పడి ఇంచుమించు ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

కాబట్టి వడపోత రెండు అంచెలుగా ఉండాలి. పంపుకు ముందు ఉండే నైలాన్ సంచీ ఫిల్టరు 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటే చాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బజారులో 200 మెష్ అని, అంటే అంగుళానికి 200 కన్నులని, అమ్మే జాలీ కన్ను 74 మైక్రాన్లు. ఇసుక రేణువును, తుప్పు పెచ్చును ఆపి పంపును కాపాడడమే దీని పని. ఇంజెక్టర్‌ను కాపాడే సన్నని ఫిల్టరు, అంటే 10 మైక్రాన్ల స్థాయిది, పంపు తర్వాత ఉండాలి. అక్కడ సుమారు 3 బార్ల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి మూడు రెట్లంత, పెట్రోలును వెనకనుంచి నెడుతుంది కనుక మడతల ఫిల్టరు ఎదురు నిలిచినా ప్రవాహం ఆగదు.

ఆ సన్నని ఫిల్టరును రెగ్యులేటరుకు ముందు పెట్టాలా, తర్వాతా అన్న ప్రశ్న విద్యార్థులు తప్పకుండా అడగాలి. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ లీటరుకు 40 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 2 లీటర్లు, అంటే నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లు మాత్రమే తాగుతుంది. పంపు తోడేది అంతకు ఎన్నో రెట్లు. మిగిలినదంతా రెగ్యులేటరు గుండా తిరిగి ట్యాంకులోనే పడుతుంది. ఫిల్టరును రెగ్యులేటరు తర్వాత పెడితే ఇంజను తాగే పెట్రోలు మాత్రమే దాని గుండా పోతుంది కనుక అది ఆలస్యంగా మురికి పడుతుంది. అయితే మురికి పడిన రోజున ఇంజెక్టర్ దగ్గర ఒత్తిడి తగ్గిపోతుంది, దాన్ని సరిచేసే రెగ్యులేటరు వెనకే ఉండిపోతుంది. ముందు పెడితే పంపు తోడే పెట్రోలంతా దాని గుండానే వెళ్లాలి కాని, ఇంజెక్టర్‌కు అందే ఒత్తిడి మాత్రం నిలకడగా ఉంటుంది. నేను ముందు పెట్టడాన్నే సమర్థిస్తాను. కాకపోతే ట్యాంకు రంధ్రంలోంచి దూరేంతలో వీలైనంత ఎక్కువ వైశాల్యం ఉన్న ఫిల్టరును ఎంచుకోవాలి.

ఇక సామగ్రి విషయం. ఈ పనిలో ఎక్కువ అమరికలు చెడేది ఇక్కడే కనుక దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను. ట్యాంకులో మునిగి ఉండే గొట్టానికి లోపలా పెట్రోలే, బయటా పెట్రోలే. మామూలు పెట్రోలు పైపు లోపలి పొర పెట్రోలును తట్టుకుంటుంది. పై పొరను మాత్రం ఎండకు, గాలికి, రాపిడికి తట్టుకునేలా తయారుచేస్తారు. దాన్ని ముంచి ఉంచితే పై పొర మెత్తబడి, ఉబ్బి, పొడిపొడిగా రాలుతుంది. ఆ నల్లటి పొడి నేరుగా మన సంచీ ఫిల్టరు మీదకే చేరుతుంది. అందుకే గొట్టం మీద ముద్రించిన అక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి. వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ ఇచ్చిన గొట్టాల ప్రమాణం జె30. అందులో ఆర్7, ఆర్9 అని ఉన్నవి ట్యాంకు బయట వాడేవి. మునిగి ఉండడానికి తయారైనది జె30 ఆర్10. అది దొరకకపోతే పంపు అసెంబ్లీలలో వచ్చే ముడతల నైలాన్ గొట్టం వాడవచ్చు. పీవీసీ గొట్టం మాత్రం ఏ పరిస్థితిలోనూ లోపల పెట్టకూడదు.

ఇథనాల్ వల్ల ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 20 శాతానికి చేరింది. ఇథనాల్ కొన్ని రకాల రబ్బర్లను ఉబ్బిస్తుంది, పాత ట్యాంకు గోడలకు అంటుకున్న మడ్డిని కరిగించి కిందకు దింపుతుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి, సరిగ్గా పంపు నోరు ఉండే అడుగుభాగానికే చేరుతుంది. కాబట్టి ఓ-రింగులు పెట్రోలును, ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరువి కావాలి, లోహపు ముక్కలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. పగులు కప్పడానికి బయట వాడే ఎపాక్సీ ముద్దలను పెట్రోలు నిరంతరం తగిలే చోట నమ్ముకోకూడదు.

గొట్టం కోసేటప్పుడు రంపంతో కోయకుండా పదునైన బ్లేడుతో ఒకే ఊపులో అడ్డంగా, సమంగా కోయండి. రంపం కోసిన అంచు నుంచి రాలే రబ్బరు నలుసులు ఫిల్టరు దాటాక పుట్టాయంటే వాటిని ఆపేవాళ్లు ఇంజెక్టర్ దాకా ఎవరూ లేరు. మరతో బిగించే పళ్ల క్లిప్పులు 3 బార్ల ఒత్తిడి దగ్గర గొట్టాన్ని కోసేస్తాయి. ఇంజెక్షన్ పైపుల కోసం వచ్చే నునుపైన అంచుల క్లిప్పులే వాడాలి. సంచీ ఫిల్టరు నోరు ట్యాంకు అడుగుకు దగ్గరగా ఉండాలి కాని అడుగుకు నొక్కుకోకూడదు. లెవెల్ చూపే ఫ్లోటు చేయి పైనుంచి కిందిదాకా కొత్త ఫిల్టరుకు తగలకుండా కదులుతోందా అని ట్యాంకులో దించకముందే చేత్తో ఆడించి చూడాలి. బయటకు తీసిన పాత సీలింగ్ రింగు పెట్రోలుకు ఉబ్బి ఉంటుంది, తిరిగి తన గాడిలో కూర్చోదు. ప్రతిసారీ కొత్తది వేయండి.

బయటి పైపు కారితే వాసన వస్తుంది, తడి కనిపిస్తుంది. ట్యాంకులోపలి జాయింటు కారితే ఆ పెట్రోలు ట్యాంకులోనే పడుతుంది. కంటికి ఏమీ కనిపించదు, బండి మాత్రం పూర్తి యాక్సిలరేటర్ దగ్గర లాగదు. అందుకని బిగించాక బయటి లైనులో టీ-జాయింటుతో ప్రెషర్ గేజి పెట్టి, తాళం తిప్పి, సర్వీస్ మాన్యువల్ చెప్పిన ఒత్తిడి వస్తోందా, ఆపాక వెంటనే సున్నాకు పడిపోతోందా అని చూడకుండా బండి అప్పగించవద్దు.

కార్బురేటర్ బళ్ల గురించి ఒక్క మాట. అక్కడ పంపు లేదు. పెట్రోలు తన బరువుతోనే దిగాలి. ట్యాంకుకు, కార్బురేటర్‌కు మధ్య 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే వచ్చే ఒత్తిడి సుమారు 0.01 బార్. ఇంజెక్షన్ బండికి తయారైన సన్నని ఫిల్టరును అక్కడ పెడితే పెట్రోలు దిగకపోవడంలో వింత లేదు. పెట్రోల్ ట్యాప్ మీద నిలబడే జాలీని మళ్లీ చేయవలసి వస్తే వైశాల్యం పెంచండి. 8 మిల్లీమీటర్ల గొట్టం మూతికి జాలీ కట్టేస్తే వడపోతకు దొరికేది 50 చదరపు మిల్లీమీటర్లు. అదే జాలీని 12 మిల్లీమీటర్ల వ్యాసంతో, 50 మిల్లీమీటర్ల ఎత్తున స్తంభంలా చుడితే దాదాపు 1900 చదరపు మిల్లీమీటర్లు దొరుకుతాయి.

ట్యాంకు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి లైనులో ఒత్తిడి దించండి. ఖాళీ ట్యాంకు భద్రమని ఎవరూ అనుకోవద్దు, గాలిలో 1.4 శాతం పెట్రోలు ఆవిరి ఉన్నా నిప్పురవ్వకు అంటుకుంటుంది. వెల్డింగు, గ్రైండింగు, బీడీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఇది చిన్న షెడ్డుల్లో నిజంగా కష్టమని నాకు తెలుసు, అయినా ఇందులో సర్దుబాటు లేదు.

చివరగా మురికిని చదవడం గురించి. అమర్చిన తర్వాత మొదటి సర్వీసులో సంచీ ఫిల్టరును తీసి తెల్లటి నూలుగుడ్డ మీద మెల్లగా తట్టి చూడండి. ఎర్రటి పొడి పడితే ట్యాంకు లోపల తుప్పు పడుతోందని, దాన్ని శుభ్రం చేయకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా ప్రయోజనం లేదని అర్థం. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవారి బళ్లలో బూడిదరంగు మెత్తటి రాతిపొడి కనిపించవచ్చు. అది మూత తెరిచినప్పుడు చుట్టూ పేరుకున్న దుమ్ము లోపల పడడం వల్ల వస్తుంది కనుక, మూత రబ్బరు మార్చి, పెట్రోలు పోయించే ముందు మూత చుట్టూ తుడవమని యజమానికి చెప్పాలి. పల్లెల్లో సీసాల పెట్రోలు పోసుకునేవారి ఫిల్టరులో ఇసుక, ప్లాస్టిక్ పీచు దొరుకుతాయి. నల్లటి మెత్తటి నలుసులు కనిపిస్తే ఆ తప్పు యజమానిది కాదు, మనం పెట్టిన గొట్టానిది. ట్యాంకు మళ్లీ దించి ఆ గొట్టాన్ని ఆ రోజే మార్చి ఇవ్వాలి.