సమాధుల తోట తాళం

వేదిక మీదున్న బిషప్పులకు, వివిధ సంఘాల పెద్దలకు, అధ్యాపకులకు, ఈ రోజు చదువు ముగించుకుని సేవకు బయలుదేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు. ఒక్కొక్కరి పేరూ చెప్పడం మర్యాదే. కానీ నాకిచ్చిన పావుగంట అందులోనే అయిపోతుంది. మన్నించండి.

ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కళాశాల చరిత్ర చెప్పమన్నారు. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో మొదలైంది, తర్వాత హైదరాబాదుకు వచ్చింది. అంతకుముందు రామాయపట్నంలో బాప్టిస్టులు, లూథర్‌గిరిలో లూథరన్లు పాస్టర్లను తయారుచేసే సెమినరీలను ఎవరివి వారు నడుపుకునేవారు. అందరూ చదివింది ఒకే బైబిలు, పాడింది ఒకే పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు. గోడలు మాత్రం వేరు. మీకు డిగ్రీలిచ్చే సెనేటు బెంగాల్‌లో, అప్పట్లో డెన్మార్కు ఏలుబడిలో ఉన్న సెరంపూరు కళాశాలది. 1818లో ఆ కళాశాలను స్థాపించిన కేరీ, మార్ష్‌మన్, వార్డ్ ముగ్గురూ బాప్టిస్టులు. 1827లో దానికి డిగ్రీలిచ్చే హక్కు రాసిచ్చిన డెన్మార్కు రాజు లూథరన్. ఇది ఎప్పుడైనా గమనించారా?

1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్య గారు, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి "మాకు స్నేహితులను ఇవ్వండి" అని అడిగారు. నాకు ఆ స్నేహితుణ్ణి ఈ కళాశాల హాస్టలు ఇచ్చింది. చరిత్ర ఇక్కడితో ఆపుతాను. చెప్పకుండా వెళ్లలేని మాట ఒకటుంది.

నేను లూథరన్‌ని. నా గదిలోని అతను బాప్టిస్టు. మేము పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తాం, వాళ్లు విశ్వసించిన పెద్దవాళ్లకే ఇస్తారు. పసిపిల్లలకు ఇవ్వవచ్చా అన్నదాని మీద మూడేళ్లు వాదించుకున్నాం. ఒక రాత్రి వాదన ముదిరి, అతను చాప తీసుకుని వరండాలో పడుకున్నాడు. తెల్లవారి టీ గ్లాసు పట్టుకుని మళ్లీ వాదనకే వచ్చాడు.

నేను సేవలో చేరిన మొదటి ఏడు, వరి కోతలకు వలస వచ్చిన ఒక కుటుంబంలో ఎనిమిది నెలల బిడ్డ జ్వరంతో చనిపోయింది. చిలకరించి బాప్తిస్మం ఇచ్చింది నేనే. ఆ ఊళ్లో క్రైస్తవుల సమాధుల తోట ఒక్కటే, అది వేరే సంఘానిది. తాళం వాళ్ల పెద్ద దగ్గర ఉంది. "మా రిజిస్టరులో పేరు లేదు" అన్నాడాయన. రెండోసారి వెళ్లాను. తలుపు తీయలేదు. తల్లి పాత చీర చుట్టిన బిడ్డను ఒడిలో పెట్టుకుని చెట్టు కింద కూర్చుంది. ఈగలు వాలకుండా కొంగుతో విసురుతూనే ఉంది. పొద్దు వాలుతోంది.

పన్నెండు కిలోమీటర్ల అవతల ఉన్న నా బాప్టిస్టుకు కబురు పంపాను. చీకటి పడ్డాక సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకు లాంతరు, క్యారియరుకు పార కట్టుకుని, జేబులో తన సంఘపు తోట తాళం చెవి వేసుకుని వచ్చాడు. "మా దగ్గర చోటుంది, పదండి" అన్నాడు. బిడ్డ బాప్తిస్మం ఊసే ఎత్తలేదు. ఆ రాత్రి గుంట తవ్వింది అతను. లాంతరు నా ప్రార్థన పుస్తకం దగ్గరగా పట్టుకుని, "నీ సంఘపు క్రమం ప్రకారమే చదువు" అన్నాడు.

వెనుక వరుసలోని తమ్ముళ్లూ, వింటున్నారా? మూడేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు గేటు దాటగానే ఎవరి సంఘానికి వారు పరిమితమైపోతున్నారు. పక్క వీధి పాస్టరు ఆసుపత్రిలో ఉంటే, ఆ ఆదివారం అతని సంఘానికి వాక్యం చెప్పడానికి కమిటీ అనుమతి కావాలంటున్నారు. ఇది నాకు బాధ. అక్షరాలా బాధ.

అందుకే పెట్టెలు సర్దుకునే ముందు మీ గదిలోని వాళ్లు ఏ ఊరికి వెళుతున్నారో రాసుకోండి. బిషప్పులూ, అధ్యక్షులూ, మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. మీ సంఘాల సమాధుల తోటలు ఏ శాఖ క్రైస్తవుడికైనా తెరవాలని ఒక్క కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి. ఎంతో పని కాదు. మీరంతా ఈ రోజు ఇక్కడే ఉన్నారు. భోజనాల దగ్గర మీ బల్ల వద్దకే వస్తాను. జవాబు అప్పుడు చెప్పండి.