ప్రాజెక్ట్ రిపోర్ట్ నలుగురూ కలిసి రాయడం ఎలా? గూగుల్ డాక్స్‌లో సజెస్టింగ్, కామెంట్లు, వెర్షన్ హిస్టరీ

నమస్తే అందరికీ. ఈ వీడియో ముఖ్యంగా ఇంజినీరింగ్ ఫైనలియర్ వాళ్ల కోసం, కానీ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లకీ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకీ కూడా పనికొస్తుంది.

మన కాలేజీల్లో బ్యాచ్‌లో నలుగురుంటే రిపోర్ట్ మాత్రం చాలాసార్లు ఒక్కరి నెత్తిన పడుతుంది. మిగతావాళ్లు తలా ఓ ముక్క వాట్సాప్‌లో పంపిస్తారు, ఆ ఒక్కరు రాత్రంతా కూర్చుని ఫాంట్లు, మార్జిన్లు సరిచేసి, బొమ్మలకి నంబర్లు వేసి, తెల్లారగానే బైండింగ్‌కి పరిగెత్తుతారు. తర్వాత వైవాలో ఎక్స్‌టర్నల్ ఏదో ఒక పేజీ తిప్పి ఇదేంటమ్మా అని అడిగితే, ఆ పేజీ రాసినవాళ్లు తప్ప ఇంకెవరూ నోరు విప్పలేరు. అలాగని వాళ్లు పని చేయలేదని కాదు. నలుగురూ చేశారు. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు, అంతే. ఈరోజు మనం సరిచేయబోయేది దాన్నే.

సరే, స్క్రీన్ చూడండి. గూగుల్ డాక్స్‌లో ఖాళీ డాక్యుమెంట్ తెరిచాను. కుడివైపు పైన షేర్ బటన్ నొక్కండి. ఇక్కడ చాలామంది తొందరలో ‘ఎనీవన్ విత్ ద లింక్’, ‘ఎడిటర్’ అని పెట్టేసి ఆ లింకు క్లాస్ గ్రూపులో పడేస్తారు. వద్దు. రిస్ట్రిక్టెడ్‌లోనే ఉంచి, మీ బ్యాచ్ వాళ్ల మెయిల్ ఐడీలు ఒక్కొక్కటే ఎక్కించి ఎడిటర్ ఇవ్వండి. మీ గైడ్‌కి కామెంటర్ ఇవ్వండి, అంటే చదివి కామెంట్లు, సజెషన్లు పెట్టగలరు కానీ నేరుగా మార్చలేరు, అది కూడా మొదటి రోజే. రిపోర్ట్ పూర్తయ్యాక చూపిస్తాం సార్ అనే అలవాటు మనకి బాగా ఉంది, కానీ పూర్తయ్యాక ఏ గైడ్ అయినా అచ్చుతప్పులు తప్ప ఏం దిద్దగలరు? అబ్‌స్ట్రాక్ట్ సగం రాసినప్పుడు ఆయన ఒక్క మాట చెప్తే అది మొత్తం ప్రాజెక్ట్ దారినే మార్చొచ్చు. ఇంకో సంగతి, కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో డాక్ తయారుచేస్తే, చదువు అయిపోయాక ఆ ఐడీ ఆగిపోవచ్చు. ఒక కాపీ దింపి పెట్టుకోండి.

ఇప్పుడు అధ్యాయాల పేర్లు టైప్ చేసి, ఒక్కోదాని మీద కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కండి. హెడింగ్ అవుతుంది, ఎడమవైపు ఔట్‌లైన్‌లో కనిపిస్తుంది. దీని గురించి ఇంకేం చెప్పను, రెండు నిమిషాల పని.

అసలు విషయానికొద్దాం. గూగుల్ డాక్స్ అనగానే అందరం ఒకేసారి టైప్ చేయొచ్చు అంటారు. నిజమే, అందులో సరదా కూడా ఉంది. ఈ ఆలోచన మాత్రం నిన్నమొన్నటిది కాదు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన వేదిక మీద కూర్చుని, మెన్లో పార్క్ ల్యాబ్‌లో ఉన్న సహచరుడితో ఒకే తెర మీద పని చేసి చూపించారు. మౌస్‌ని జనానికి చూపించిందీ ఆ రోజే. అది మన బ్రౌజర్‌లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. రైట్లీ అనే చిన్న ప్రోగ్రామ్‌ని గూగుల్ 2006లో కొని దాని మీద డాక్స్ కట్టింది, ఒకరు కొట్టే అక్షరం ఇంకొకరికి అక్కడికక్కడే కనిపించడం 2010లో మొదలైంది. కానీ నన్నడిగితే చదువుకునేవాళ్లకి దానికన్నా ఎక్కువ పనికొచ్చేది 2014లో వచ్చింది. అదే సజెస్టింగ్.

కుడివైపు పైన పెన్సిల్ బొమ్మ ఉంది చూడండి, దాని మీద నొక్కితే ఎడిటింగ్, సజెస్టింగ్, వ్యూయింగ్ అని మూడొస్తాయి. సజెస్టింగ్ ఎంచుకోండి. ఇప్పుడు మీరు ఏ మాట చెరిపినా అది మాయమవదు, దాని మీద గీత పడుతుంది. కొత్తగా రాసింది వేరే రంగులో వస్తుంది. పక్కన చిన్న పెట్టెలో టిక్, ఇంటూ ఉంటాయి. రాసినవాళ్లు చూసి ఒప్పుకుంటే టిక్, లేదంటే ఇంటూ. ఎడిటర్ ఉన్న ఎవరైనా టిక్ నొక్కగలరు, కానీ దాన్ని రాసినవాళ్లకే వదిలేయండి. అంటే మీ స్నేహితుడు రాసిన పేరాని మీరు దిద్దారు, కానీ చివరి మాట అతనిదే. నువ్వెవడివిరా నాది మార్చడానికి అనే గొడవ ఉండదు, ఎందుకు మార్చాలో మాత్రం చెప్పాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మన ప్రాజెక్ట్ నేలలో తేమని బట్టి మోటారు దానంతటదే ఆన్ అయ్యే పరికరం అనుకోండి. ఆర్డుయినో ఊనో అనే ప్రోగ్రామ్ చేయగల చిన్న బోర్డు, నేలలో తేమని కొలిచే మార్కెట్లో దొరికే మామూలు సాయిల్ మాయిశ్చర్ సెన్సార్, మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటి ఒక రిలే. కోడ్ రాసినమ్మాయి వేరు, రిపోర్ట్‌లో ఆ అధ్యాయం రాసినబ్బాయి వేరు. అతను ఇలా రాశాడు: ‘సెన్సార్ విలువ 500 కంటే తగ్గితే నేల ఎండినట్టు, అప్పుడు మోటారు ఆన్ అవుతుంది.’ చదవడానికి బాగానే ఉంది, తేమ తగ్గితే విలువ కూడా తగ్గుతుందనే కదా ఎవరైనా అనుకుంటారు. కానీ ఊనో ఆ సెన్సార్ నుంచి 0 నుంచి 1023 మధ్య ఒక అంకె చదువుతుంది, ఈ మామూలు మాడ్యూళ్లలో నేల ఎండేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అంటే వాక్యం తలకిందులుగా ఉంది. కోడ్ సరిగ్గా ఉన్నా రిపోర్ట్ తప్పు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏం చేయాలి? ‘తగ్గితే’ తీసేసి ‘పెరిగితే’ అని కొట్టి వెళ్లిపోవచ్చు. అలా చేస్తే రిపోర్ట్ బాగవుతుంది కానీ అతనికి ఏమీ తెలియదు. అందుకని సజెస్టింగ్‌లో మార్చి, ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్, ఆల్ట్, ఎమ్ నొక్కి కామెంట్ పెట్టాలి: ‘పొడి మట్టిలో ఒకసారి, తడి మట్టిలో ఒకసారి పెట్టి సీరియల్ మానిటర్‌లో, అదే బోర్డు పంపే అంకెలు కంప్యూటర్‌లో కనిపించే విండోలో, అంకె చూడు, ఎంతొచ్చిందో ఇక్కడే రాయి.’ కామెంట్‌లో అట్ గుర్తు కొట్టి అతని మెయిల్ ఎంచుకుంటే అసైన్ అని టిక్ పెట్టుకోవడానికి వస్తుంది, పెడితే అతనికి మెయిల్ వెళ్తుంది. అతను రెండు రీడింగులూ తీసి కామెంట్ కిందే రాస్తాడు. అప్పుడు 500 అనే అంకె ఎందుకు పెట్టారు, 600 ఎందుకు కాదు అనే ప్రశ్న అతనికే వస్తుంది. దయచేసి ‘గుడ్’, ‘ఓకే రా’ లాంటి కామెంట్లు పెట్టకండి, అర్థం కాని చోట అర్థం కాలేదని రాయండి, ఆ ఒక్క ధైర్యం చాలు.

ఉద్యోగాల్లోనూ పని ఇలాగే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీరు రాసిన కోడ్‌ని చాలాచోట్ల ఇంకొకరు చదివి, ప్రశ్నలడిగి, సరే అన్నాకే లోపలికి తీసుకుంటారు. తన పని మీద పదిమంది కామెంట్లు చూసి కంగారుపడకుండా జవాబివ్వడం మొదటి ఉద్యోగంలో చాలామందికి కష్టమైపోతుంది, ఎందుకంటే అప్పటిదాకా మార్కులు తప్ప ప్రశ్నలు రాలేదు. తెలుగులో ఈ పద్ధతి చూడాలంటే 2003 డిసెంబరు నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో ఏదైనా వ్యాసం తెరిచి చరిత్ర, చర్చ పేజీలు చదవండి. ఎవరు ఏం మార్చారు, ఎందుకు వాదించుకున్నారు, అన్నీ ఉంటాయి.

మన డాక్‌లోనూ ఆ చరిత్ర ఉంది. ఫైల్, వెర్షన్ హిస్టరీ, సీ వెర్షన్ హిస్టరీ. ఇది కంప్యూటర్‌లో చూడండి, ఫోన్ యాప్‌లో అన్నీ దొరకవు. ఎవరి మార్పులు వాళ్ల రంగులో తేదీ, టైంతో సహా వస్తాయి. ప్రతి రివ్యూకి ముందు ‘నేమ్ కరెంట్ వెర్షన్’ నొక్కి ‘రివ్యూ 1’, ‘రివ్యూ 2’ అని పేరు పెట్టండి. ఎవరైనా పొరపాటున పేజీలు చెరిపేసినా టెన్షన్ పడక్కర్లేదు, పాత వెర్షన్‌కి వెళ్లొచ్చు. ఒక జాగ్రత్త: మేక్ ఎ కాపీ చేస్తే కొత్త ఫైల్‌కి పాత చరిత్ర రాదు, అందుకని మొదటి నుంచి చివరిదాకా ఒకే ఫైల్‌లో పని చేయండి. ఇంకొకటి, ఈ రంగులు చూసి ఎవడెన్ని లైన్లు రాశాడని లెక్కలు తీయొద్దు. రెండు రోజులు సర్క్యూట్‌తో కుస్తీ పట్టినవాడు డాక్‌లో రాసేది నాలుగు లైన్లే కావచ్చు.

రిపోర్ట్ దింపే ముందు టూల్స్‌లో ‘రివ్యూ సజెస్టెడ్ ఎడిట్స్’ తెరిచి మిగిలినవన్నీ తేల్చేయండి, లేకపోతే వర్డ్ ఫైల్‌లోకి అవి ట్రాక్ చేంజెస్‌లా, అంటే ఇంకా తేలని మార్పుల గుర్తులతో, అలాగే వెళ్తాయి. తర్వాత ఫైల్, డౌన్‌లోడ్, మైక్రోసాఫ్ట్ వర్డ్. మీ యూనివర్సిటీ ఫార్మాట్ ప్రకారం మార్జిన్లు, పేజీ నంబర్లు అక్కడ చూసుకోండి.

బైండింగ్‌కి ఇచ్చేశాక డాక్‌ని వదిలేయకండి. పైన కామెంట్ల బొమ్మ నొక్కితే రిజాల్వ్ చేసినవి, అంటే పని అయిపోయి మూసేసిన కామెంట్లు కూడా అక్కడే ఉంటాయి. వైవా ముందు రోజు నలుగురూ కూర్చుని వాటిని మొదటి నుంచి చదవండి, ప్రతి ప్రశ్నకీ ఆ అధ్యాయం రాయనివాళ్లు జవాబు చెప్పాలి.