ఉప్పుకు ముందు ఏముందో చూడండి

అందరికీ నమస్కారం. ఈ సభకు పిలిచినవారికి, సెలవు రోజున పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ సమయం తక్కువ, మన్నించండి. నాకిచ్చిన అంశం ‘డైటింగ్‌లో ఉదయపు ఆహారం’. నేను మాత్రం అందులో బ్రెడ్డు దగ్గరే ఆగిపోతాను.

బరువు తగ్గాలనుకున్నవాళ్లు మొదట మిఠాయిలు మానేస్తారు, కాఫీలో చక్కెర మానేస్తారు. ఆ తర్వాత తెల్ల బ్రెడ్డు వదిలేసి గోధుమ బ్రెడ్డు కొంటారు. కప్పులో మానేసిన చక్కెర ఆ బ్రెడ్డులో దూరి మళ్లీ ఇంటికొస్తోంది. నాకు మింగుడుపడనిది ఇదే.

బ్రెడ్డుకు కావలసినవి నాలుగే: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. చక్కెర వేయకపోతే ఈస్ట్ పొంగదని చాలామంది గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదండీ. పిండిలోనే అమైలేజ్ అనే ఎంజైములు ఉంటాయి. నీళ్లు తగలగానే అవి పిండిపదార్థాన్ని విరిచి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. ఈస్ట్‌కు ఆ తిండి చాలు. చక్కెర చిటికెడు వేస్తే మొదట్లో కాస్త తొందరగా పొంగుతుంది. ఎక్కువ వేస్తే ఈస్ట్ కణాల్లోని నీటిని ఆ చక్కెరే లాగేసి పొంగును ఆలస్యం చేస్తుంది.

మరి ఎందుకు వేస్తున్నారు? గోధుమ పొట్టులో కొంచెం చేదు ఉంటుంది, తీపి దాన్ని కప్పేస్తుంది. చక్కెర తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రెడ్డు నాలుగు రోజులు మెత్తగా ఉంటుంది. పైపొర త్వరగా ఎర్రబడుతుంది. ఇవన్నీ తయారీదారు సౌకర్యాలు. వాటిలో ఏ ఒక్కటీ తినేవాడి నడుము కోసం చేసింది కాదు.

ఇప్పుడు ప్యాకెట్టు సంగతి. ముందువైపు ఏం రాశారో వదిలేయండి. ‘బ్రౌన్’ అన్నది రంగు పేరు, అంతే. మైదాలో కేరమెల్ కలిపినా ఆ రంగు వస్తుంది. జాబితాలో 150 అనే అంకె, పక్కన ఎ, బి, సి, డిలలో ఒక అక్షరం కనిపిస్తే అది కేరమెల్ రంగు. ‘మల్టీగ్రెయిన్’ అంటే పలు ధాన్యాలు అనే గానీ, అవి పొట్టుతో సహా ఉన్నాయని కాదు. ఊరికే ‘గోధుమ పిండి’ అని రాస్తే చాలాసార్లు అది మైదానే. సంపూర్ణ గోధుమ పిండి, లేదా హోల్ వీట్ అన్న మాట జాబితాలో మొట్టమొదట ఉండాలి, దాని తర్వాత మరో పిండి ఉండకూడదు. పక్కన 60 శాతం అని ఉంటే వంద ఎందుకు లేదని కంగారుపడకండి. మిగతాదంతా దాదాపు నీళ్లే. వేరే పిండి లేకుండా 55 నుంచి 65 మధ్య ఉంటే అది పూర్తి గోధుమ బ్రెడ్డే.

ఇక అసలు విషయం. సంచుల్లో బ్రెడ్డు ప్యాకెట్టు ఉన్నవాళ్లు దయచేసి బయటికి తీయండి. వెనక వరుసవాళ్లు కూడా. వెనక్కి తిప్పి జాబితాలో ‘ఉప్పు’ అన్న మాట మీద వేలు పెట్టండి.

జాబితాలో దినుసుల్ని బరువు ప్రకారం రాస్తారు, ఎక్కువ ఉన్నది ముందు. బ్రెడ్డులో ఉప్పు ఎంత వేయాలో బేకరీ పని తెలిసిన ఎవరినైనా అడగండి. పిండి బరువులో సుమారు 2 శాతం అంటారు. అంతకన్నా బాగా తగ్గితే చప్పన, పెరిగితే నోట పెట్టలేం. అంటే ప్రతి బ్రెడ్డులోనూ ఉప్పు ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే అది మనకు తూకపు రాయి. చక్కెర ఉప్పుకు ముందు ఉంటే పిండిలో 2 శాతం దాటి వేశారన్నమాట. ఉప్పుకు తర్వాత ఉంటే అంతకన్నా తక్కువ. అంకెలు ఇవ్వని ప్యాకెట్టు కూడా ఈ నిజాన్ని దాచలేదు.

ఒక జాబితా ఇలా ఉందనుకుందాం: సంపూర్ణ గోధుమ పిండి, నీరు, చక్కెర, గోధుమ గ్లూటెన్, ఈస్ట్, నూనె, ఉప్పు, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. చక్కెర ఎక్కడుంది? మూడో స్థానంలో. గ్లూటెన్ అనే గోధుమ ప్రొటీన్‌కు, ఈస్ట్‌కు, నూనెకు, ఉప్పుకు, అన్నిటికీ ముందు! ఉప్పు దాటాక మాల్ట్ రూపంలో ఇంకో తీపి. కొట్లో ఇలాంటి ప్యాకెట్టు మీ చేతికొస్తే దాన్ని అక్కడే పెట్టేయండి.

ఒక్క జాగ్రత్త. కొన్ని దేశాల్లో 2 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరుసలో రాసినా ఒప్పుకుంటారు. ‘కిందివి 2 శాతం లోపు’ అన్న వాక్యం కనిపిస్తే, దాని తర్వాత వరుసను నమ్మకండి. ఉప్పు కొలత అక్కడితో ఆగిపోతుంది.

ఈ 2 శాతం దగ్గరే ఐర్లండు సుప్రీంకోర్టు తీర్పు గుర్తుచేయాలి. 2020 సెప్టెంబరులో వచ్చింది. అక్కడ నిత్యావసరమైన బ్రెడ్డుకు అమ్మకపు పన్ను లేదు. కానీ చక్కెర పిండి బరువులో 2 శాతం దాటితే చట్టం దృష్టిలో అది ఆ బ్రెడ్డు కాదు. కోర్టు ముందుకొచ్చిన శాండ్‌విచ్ రొట్టెలో 10 శాతం ఉంది. నూరు గ్రాముల పిండికి పది గ్రాముల చక్కెర, అంటే రెండున్నర టీస్పూన్లు. పన్ను మినహాయింపు లేదని కోర్టు తేల్చింది. ఒక దేశపు చట్టం గీసిన గీతా, మన ఉప్పు చూపించే గీతా ఒకే చోట పడ్డాయి, గమనించండి.

తీపికి పేర్లు చాలా. డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్, మొలాసిస్, బెల్లం, తేనె, ఖర్జూరపు గుజ్జు, పండ్ల రసం గాఢత. మొత్తం తీపిని మూడు పేర్ల కింద విడగొడితే ఒక్కొక్కటి జాబితాలో కిందికి జారిపోతుంది. కలిపి చూస్తే పైన ఉండాల్సింది. తేనె మంచిదే కదా అని అడగబోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనె కూడా చక్కెర లెక్కలోనే పడుతుంది. ‘షుగర్ ఫ్రీ’ అన్న చోట 950, 955, 965, 420 అంకెలు వెతకండి: ఎసిసల్ఫేమ్, సుక్రలోజ్, మాల్టిటాల్, సార్బిటాల్. చివరి రెండూ ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు. సుక్రలోజ్ లాంటి చక్కెరేతర తీపుల మీద బరువు తగ్గడానికి ఆధారపడవద్దని అదే సంస్థ 2023లో సూచించింది.

పోషకాల పట్టికలో ‘మొత్తం చక్కెరలు’ కూడా చూడండి. ఏ తీపీ వేయని బ్రెడ్డులో నూరు గ్రాములకు సాధారణంగా 1 నుంచి 3 గ్రాములుంటాయి, పిండి నుంచి వచ్చినవి. పాలు, ఎండుద్రాక్ష లేకుండానే 5 దాటితే ఎవరో వేశారు. అలా వేసిన చక్కెరే 6 గ్రాములు ఉందనుకోండి. ముప్పై గ్రాముల ముక్కలు రెండు తింటే 3.6 గ్రాములు. కేలరీల్లో పద్నాలుగే, అంతమాత్రానికి ఇంత గొడవా అంటారేమో. రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి, వీలైతే 25 గ్రాముల్లోపు ఉండమని ఆ సంస్థ చెప్పే చక్కెరలో అది ఏడో వంతు. తీపి అనిపించని తిండిలోంచి ఏడో వంతు!

పీచు గురించి, ప్రొటీన్ గురించి చెప్పాలని రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. తీపి లేని గోధుమ బ్రెడ్డు కూడా నూరు గ్రాములకు 240, 250 కేలరీలు ఇస్తుంది. పిండి మెత్తగా ఆడింది అయితే రక్తంలో గ్లూకోజ్‌ను తెల్ల బ్రెడ్డులాగే దాదాపు పెంచుతుంది. రెండు ముక్కలు అనుకున్నవాళ్లు రెండింటి దగ్గరే ఆగాలి.

దొరకడం లేదంటారా? చేసుకోండి. ఈ బల్ల మీద టవలు కప్పి ఉన్నది అలా చేసిందే, సభ మొదలయ్యే ముందే ఓవెన్‌లోంచి వచ్చింది. సంపూర్ణ గోధుమ పిండి 500 గ్రాములు, నీళ్లు 390, ఉప్పు 9, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు. కప్పులతో కాదు, తూకం వేయండి. ముందు పిండి, నీళ్లు మాత్రమే కలిపి నలభై నిమిషాలు వదిలేయండి. పొట్టు ముక్కలు పదునుగా ఉంటాయి, సాగే గ్లూటెన్ పోగుల్ని అవి కోసేస్తాయి. నానితే మెత్తబడి కోయవు. ఇటుకలా గట్టిగా వచ్చిందని బాధపడేవాళ్లలో ఎక్కువమంది నీళ్లు తక్కువ పోసినవాళ్లే. చేతికి అంటుకుంటోందని పొడిపిండి చల్లుతూ పోతారు, అక్కడే చెడుతుంది. అంటుకోనివ్వండి, చెయ్యి తడుపుకోండి.

నానాక ఉప్పు, ఈస్ట్ వేసి పది నిమిషాలు పిసకండి. గంట, గంటన్నరలో పొంగుతుంది. రెట్టింపు దాకా ఆగకండి, ఒకటిన్నర రెట్లు దాటగానే చుట్టి టిన్నులో పెట్టండి. టిన్ను తొమ్మిది అంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు చాలు. గోధుమ పిండి మైదా కన్నా త్వరగా పొంగి త్వరగా కూలుతుంది. టిన్నులో మరో నలభై నిమిషాలు. వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం పూడాలి. వెంటనే పూడితే ఇంకా ఆగాలి, అసలు పూడకపోతే ఆలస్యమైపోయింది. 220 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు, తర్వాత 195కు తగ్గించి ముప్పై నిమిషాలు. చక్కెర లేదు కాబట్టి రంగు నెమ్మదిగా వస్తుంది, కంగారుపడి తీయకండి. లోపల 95 డిగ్రీలు దాటాలి. పొట్టుకు ఉండే కొంచెం చేదు కాక మరీ చేదొచ్చిందంటే పిండి పాతదై ఉంటుంది, అందులోని గోధుమ మొలక నూనె ముక్కిపోయి ఉంటుంది. చక్కెరతో కప్పకండి, పిండి మార్చండి.

మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలిలోనే బ్రెడ్డు తొందరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, తీసినవి తీసినట్టే కాల్చుకోండి.

ముందు వరుసలో అమ్మా, ఆ టవలు తీయకండి, దయచేసి. అది చల్లారడానికి రెండు గంటలు కావాలి, వేడిగా కోస్తే లోపలంతా జిగురుజిగురుగా ఉంటుంది. ఇంకా గంటంబావు ఉంది. ఈలోగా ఎవరి ప్యాకెట్లో ఉప్పుకు ముందు చక్కెర కనిపించిందో చేతులెత్తండి, ఒక్కొక్కరి జాబితా పైకి చదువుదాం.