తక్‌పట్టీ చదవడమా, పాట రాసుకోవడమా?

(వరంగల్‌లో ఒక స్టూడియో చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: బీఈడీ కాలేజీ అధ్యాపకురాలు, పల్లెలో రాత్రి తరగతి నడిపే వాలంటీర్, ఆ తరగతిలో చదువుకుంటున్న మహిళా రైతు.)

వ్యాఖ్యాత: మేడమ్, మీ విద్యార్థులతో ‘నా బోధనా తత్వం’ అని ఒక పేజీ రాయిస్తారట. పెద్దలకు చదువు చెప్పేవాళ్లకు కూడా అది కావాలా?

అధ్యాపకురాలు: రాయిస్తాను. సగం మంది ఒకరిది చూసి ఒకరు రాస్తారు. (నవ్వు) పిల్లల బడిలో ఆ పేజీ లేకపోయినా సిలబస్, హాజరు, పరీక్షలు బండి నడిపిస్తాయి. పెద్దవాళ్లు నచ్చకపోతే మర్నాడు రారు, ఎందుకు రాలేదో చెప్పరు కూడా. ఇది ఎందుకు నేర్చుకోవాలో పెద్దవాళ్లకు ముందే తెలియాలని, వాళ్ల అనుభవమే పాఠానికి సరుకు అని అమెరికాలో మాల్కమ్ నోల్స్ చెప్పారు. ‘ఆండ్రగాజీ’, అంటే పెద్దలకు చదువు చెప్పే పద్ధతి, అనే మాట ఆయన వల్లే ప్రచారంలోకి వచ్చింది.

వాలంటీర్: నేనూ అవన్నీ చదివే పోయిన మేడమ్. మొదటి నెల మాత్రం అచ్చం స్కూల్ సారే. ఓనమాలు, తప్పు రాస్తే పదిసార్లు. ఒక పెద్దమ్మకు ‘మ’, ‘య’ ఎన్నిసార్లు చెప్పినా కలిసిపోయేవి. ఈమెకు రాదులే అనుకున్నా. ఒకరోజు పక్కామె కళ్లజోడు తీసి పెట్టుకుని ఆ పెద్దమ్మే రెండూ వేరుచేసి చూపించింది. చత్వారం! పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకునేది, నేను చూసి కూడా పట్టించుకోలేదు. మర్నాడు చేసిన మొదటి పని, బల్బు మార్చడం.

వ్యాఖ్యాత: ఆ తర్వాత?

వాలంటీర్: వాళ్లకు పనికొచ్చేదే చెప్పాలని తీర్మానించుకున్నా. ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీ, అదే పంట అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీ, తెచ్చి బోర్డు మీద రాసిన. బస్తాలు, తూకం, ధర, కమీషన్.

అధ్యాపకురాలు: మంచి ఆలోచనే. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో విద్యావేత్త పావ్లో ఫ్రేరే బృందం సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదువు నేర్పింది. వాళ్ల బతుకులో నలిగే మాటలతోనే...

మహిళా రైతు: నడుమ మాట్లాడుతున్న, ఏమనుకోకమ్మా. యార్డుకు నేను పోనే పోను. తక్‌పట్టీ మా ఆయన జేబుల ఉంటది. అది చదువుడు ఆయనకు నేర్పాలె.

(నవ్వులు)

వ్యాఖ్యాత: మరి మీరెందుకు వచ్చారమ్మా?

మహిళా రైతు: బతుకమ్మ పాటల కోసం. మా అత్తకు ఎన్నో వచ్చేవి. ఆమె పోయినంక ఒక పాటల నడుమ చరణం ఎవ్వరికీ యాదికి లేదు. ఉన్నయన్నా రాసిపెడితే మా కోడలుకు దొరుకుతయి. ఈ తమ్మి అడిగితే చెప్పేదాన్ని. అడగకుండనే నాకేం కావాలో తేల్చేసిండు.

అధ్యాపకురాలు: (కొంచెం ఆగి) ఆ మాట నాకూ తగుల్తుంది. ‘అవసరం’ అని పాఠం చెప్తాం. ఎవరి అవసరమో అడగం.

వ్యాఖ్యాత: మరి ఈ వయసులో...

మహిళా రైతు: వయసులున్నప్పుడు పిల్లలు, పొలం. తీరికైంది ఇప్పుడే.

అధ్యాపకురాలు: చూశారా, 1988 నాటి జాతీయ సాక్షరతా మిషన్ గురి 15 నుంచి 35 ఏళ్లవాళ్ల మీదే. 2022లో మొదలైన వయోజన విద్యా పథకం ఉల్లాస్‌లో 15 దాటితే చాలు, పైన హద్దు లేదు.

వాలంటీర్: పరీక్ష మాత్రం ఉంది. 150 మార్కులు. చదవడం, రాయడం, లెక్కలు. పాటకు మార్కుల్లేవు. ఇంకో చిక్కు కూడా. అక్క ‘ఒచ్చింది’ అని రాస్తుంది. నేను ‘వచ్చింది’ అని దిద్దిన.

మహిళా రైతు: మా అత్త ‘ఒచ్చింది’ అనే పాడేది. దిద్దితే అది ఆమె పాట ఎట్లైతది?

వ్యాఖ్యాత: జనం పలికే భాషలోనే రాయాలన్న కవి కాళోజీ తిరిగిన ఊళ్లో కూర్చుని మాట్లాడుతున్నాం, జాగ్రత్త తమ్ముడూ! ఆయన పుట్టినరోజునే మనం తెలంగాణ భాషా దినోత్సవం చేసుకునేది.

వాలంటీర్: అందుకే ఓడిపోయిన సార్. (నవ్వు) ఇప్పుడు రెండు నోటుబుక్కులు. పాటల పుస్తకంలో నా పెన్ను పెట్టను. పరీక్ష పుస్తకంలో దిద్దుతా, ఎందుకు దిద్దుతున్నానో చెప్పి.

అధ్యాపకురాలు: నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. రెండు పుస్తకాలంటే ఒకటి అసలుది, ఇంకోటి సరదాకి అని వాళ్లకే అనిపించొచ్చు.

మహిళా రైతు: ఏది అసలుదో మాకు తెల్వదా అమ్మా?

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. తమ్ముడూ, ఇప్పుడు ఆ పేజీ రాయమంటే ఏం రాస్తావు?

వాలంటీర్: మొదటి వారం ఏమీ చెప్పను, అడుగుతా అని రాస్తా. ఇంకా రెండో లైను రాలేదు సార్.

మహిళా రైతు: అది తర్వాత రాసుకో తమ్మీ. ‘క్ష’ ఇంకా చెప్పనే లేదు నువ్వు. ‘లక్ష్మి’ కాడ పాట ఆగిపోయింది.

వాలంటీర్: రేపు చెప్తా అక్కా.

మహిళా రైతు: రేపు మిర్చి ఏరుడుంది. ఎల్లుండి రా.