"కొట్టాడా?" అని అడిగే ముందు

అందరికీ నమస్కారం. డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలే ఎక్కువమంది ఉన్నారని మీ మేడమ్ చెప్పారు. అందుకని, కొట్టకుండానే మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడం పెళ్లిళ్లలోనూ ప్రేమల్లోనూ ఎలా ఉంటుందో కలిపే మాట్లాడతాను.

కూతురు పుట్టింటికి వచ్చి ఏడిస్తే మన ఇళ్లలో మొదట అడిగేది ఒకటే: "కొట్టాడా?" "లేదు" అని ఆమె అంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తాగడు, కొట్టడు, జీతం తెస్తాడు, సర్దుకుపో అంటారు. కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లని నేను ఆ ప్రశ్నతో మొదలుపెట్టను. "పెళ్లికి ముందు చేసినవాటిలో ఇప్పుడు ఏమేం మానేశావమ్మా?" అని అడుగుతాను. జవాబులు మెల్లగా వస్తాయి. బీఈడీ మధ్యలో ఆపేశాను. స్నేహితుల గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అక్కతో మాట్లాడటం తగ్గించాను, మాట్లాడితే స్పీకర్ ఆన్ చేయాలి.

వీటిలో దేన్నీ భర్త మానెయ్యమని చెప్పి ఉండకపోవచ్చు. అక్కతో మాట్లాడినప్పుడల్లా రెండు రోజులు ముఖం మాడ్చుకుని, అన్నం ముట్టకుండా కూర్చుంటే చాలు. కొన్నాళ్లకి ఆమే అక్క ఫోన్ ఎత్తదు. ఎందుకని అడిగితే "నా ఇష్టంతోనే" అంటుంది. బయటివాళ్లకి దొరకనిది ఇదే.

మొదట్లో ఇదంతా ముద్దుగానే ఉంటుంది. ఇంటికి చేరాక మెసేజ్ పెట్టు అంటాడు. తర్వాత లైవ్ లొకేషన్ కావాలంటాడు. ఆ తర్వాత వీడియో కాల్ చేసి, గదిలో ఎవరున్నారో చూపించమంటాడు. పొసెసివ్ అని మీరు మురిసిపోయేది చాలాసార్లు ఇదే, అందులో మన సినిమాల పుణ్యమూ కొంత ఉంది. ఎక్కడ అనుమానించాలి అంటే, ఒకసారి "ఇవ్వను" అని చూడండి. అలిగినా సరేలే అని ఊరుకుంటే భయం లేదు. "దాచడానికి ఏముంది?" అని నిలదీసి, చివరికి మీ చేతే సారీ చెప్పించుకుంటే, ఆలోచించుకోవాల్సిందే.

ఇక డబ్బు. జీతం ఆమె ఖాతాలోనే పడుతుంది. ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది, ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది. సొంతంగా సంపాదించే మనిషి బస్సు చార్జీకి చెయ్యి చాపుతుంది. అమెరికా సంబంధాల్లో ఇంకో చిక్కుంది. భర్త వీసా మీద డిపెండెంట్‌గా వెళ్లినవాళ్లలో చాలామందికి వెళ్లగానే ఉద్యోగం చేసే అనుమతి ఉండదు. ఆపైన పాస్‌పోర్టు కూడా ఆయన బీరువాలో ఉంటే, ఆ ఇంట్లోంచి ఎలా బయటపడుతుంది? అబ్బాయి ప్యాకేజీ ఎంతని అడిగే మనం, అమ్మాయి అక్కడ ఉద్యోగం చేయొచ్చా అని అడగం.

మన గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. అది కొట్టడం దగ్గరే ఆగిపోలేదు. లైంగిక హింస, మాటలతో పెట్టే హింస, మానసిక హింస, ఆర్థిక హింస కూడా అందులో ఉన్నాయి. మగపిల్లాణ్ణి కనలేదని ఎత్తిపొడవడాన్ని విడిగా పేర్కొన్నారు. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో ఉన్న ఆడవాళ్లకీ అది వర్తిస్తుంది. కలిసి ఉండని బాయ్‌ఫ్రెండ్ అయితే ఈ చట్టం రాదు. కానీ వద్దన్నా వెంటపడటం, మీ మెయిల్, ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన నేర చట్టం) 78వ సెక్షన్ కింద నేరం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా, స్నేహితురాళ్లని కలవనిస్తాడా, ఎప్పుడూ ఎక్కడున్నావో చెప్పాలంటాడా, డబ్బు విషయంలో నమ్ముతాడా అని అడుగుతారు. సర్వేకి వచ్చినవాళ్లు అడిగేది అమ్మానాన్నలు అడగకపోవడమే నా బాధ.

ఒకటి మాత్రం జాగ్రత్తగా వినండి. "నేను వెళ్లిపోతున్నా" అని ముఖం మీద చెప్పిన తర్వాత ప్రమాదం పెరుగుతుంది, తగ్గదు. పట్టు జారిపోతోందని అతనికి అప్పుడే అర్థమవుతుంది. కాబట్టి చెప్పి వెళ్లాలన్న పట్టుదల వద్దు. సర్టిఫికెట్లు, ఆధార్, కొంచెం డబ్బు నమ్మకమైన మనిషి దగ్గర ముందే పెట్టుకోండి.

మీ స్నేహితురాలు ఇలా ఉందనిపిస్తే, "వదిలెయ్" అని రోజూ పోరకండి. తను ఫోన్ ఎత్తకపోయినా మీరు చేస్తూనే ఉండండి. ఇంట్లో హింస జరుగుతోందని నమ్మే కారణం ఉంటే గృహహింస చట్టం కింద ఉండే రక్షణ అధికారికి (ప్రొటెక్షన్ ఆఫీసర్) ఎవరైనా చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని చట్టంలోనే రాశారు.

మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికి కూడా వాళ్లే కలుపుతారు. ప్రాణం మీదికొస్తే 112. మీ ఫోన్‌ని ఎవరైనా చెక్ చేస్తారనుకుంటే కాల్ లిస్టులో ఈ నంబరు కనబడుతుంది, పక్కవాళ్ల ఫోన్ అడిగి చేయండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. అందరి ముందూ అడగలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు అక్కర్లేదు.